ఒంటరి నక్షత్రం నుండి వెల్లంపల్లి వరకు: సాక్ష్యమిచ్చే సంఘం ఎలా ఎదుగుతుంది?



మన సంఘాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "అయ్యగారూ, నాకు వాక్యం ఇంకా సరిగా తెలియదు. ఇతరులకు చెప్పడానికి నేనెంతటివాణ్ణి?" పదేళ్ల క్రితం ఈ మాట అన్నవారే నేడూ అంటున్నారు. ఇంకొందరు బాప్తిస్మం తీసుకున్న వారంలోనే మైకు పట్టుకుంటారు, రెండేళ్లకు సంఘంలోనే కనబడరు. ఎదిగిన తరువాత చెబుదామని మొదటివారు ఆగిపోయారు. చెప్పడమే ఎదుగుదల అని రెండవవారు పొరబడ్డారు. ఎదుగుదల, సాక్ష్యం ఈ రెండూ ఒకే వేరు నుండి వస్తాయి. ఒకటి ఆగితే రెండవది ఎండిపోతుంది. మన నెల్లూరు తీరపు సంఘ చరిత్ర ఈ సంగతిని ఎంతో స్పష్టంగా చూపిస్తుంది. అందుకే ఈ వారం ఆ చరిత్రను వాక్యపు వెలుగులో చూద్దాం.

వాక్యం ఏమి చూపిస్తోంది?

అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో పేతురు, యోహానులు మహాసభ ముందు నిలబడ్డారు. చదువులేని సామాన్యులు ఇంత ధైర్యంగా ఎలా మాట్లాడుతున్నారని అధికారులు ఆశ్చర్యపడి, వీరు యేసుతో కూడ ఉండినవారని గుర్తించారు (4:13). ఆయనతో గడిపిన కాలమే వారి ధైర్యానికి మూలం. అదే అధ్యాయంలో సంఘం చేసిన ప్రార్థన చూడండి (4:29). బెదిరింపులు తొలగించమని వారు అడగలేదు. ఆ బెదిరింపుల మధ్యనే ధైర్యంగా వాక్యం చెప్పే కృపను అడిగారు.

పేతురు తన మొదటి పత్రికలో మరో సంగతి చేర్చాడు. మన నిరీక్షణకు కారణం అడిగిన ప్రతివానికీ సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండాలి, అయితే ఆ సమాధానం సాత్వికంతో, భయంతో చెప్పాలి (3:15). రెండవ పత్రికను కృపలోను జ్ఞానంలోను ఎదగమన్న మాటతో ముగించాడు (3:18). మహాసభ ముందు నోరు విప్పినవాడే ఎదగమని, సాత్వికంగా ఉండమని చెబుతున్నాడు. ఈ మూడింటినీ విడదీయకూడదు.

నెల్లూరులో పాతికేళ్ల ఓర్పు

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో భారతదేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. 1849లో లైమన్ జూయెట్ దంపతులు వచ్చారు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవారు కొద్దిమందే. ఖర్చు కనబడుతోంది, ఫలం కనబడడం లేదు. అందువల్ల ఈ మిషన్‌ను మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చింది. 1853లో జరిగిన చర్చలో నెల్లూరును పటంలోని ఒంటరి నక్షత్రంతో పోల్చారు. ఆ రాత్రి శామ్యూల్ ఎఫ్. స్మిత్ ఆ పేరుమీదనే ఒక పద్యం రాశారు. మరునాడు సభలో దానిని చదివారు. మిషన్ నిలిచింది. 'లోన్ స్టార్ మిషన్' అన్న పేరు అప్పటి నుండే వచ్చింది.

1862లో మూసివేత మాట మళ్లీ వచ్చినప్పుడు, అనారోగ్యంతో స్వదేశం వెళ్లిన జూయెట్ తాను ఒంటరిగానైనా తిరిగి వెళ్లి తెలుగువారి మధ్యనే బ్రతికి చనిపోతానని చెప్పారు. అన్నట్టే తిరిగి వచ్చారు.

ఈ రెండు చర్చల నడుమ మన వద్ద జరిగిన ఒక సంగతి ఉంది. 1854 జనవరి 1న, తెల్లవారుజామున, ఒంగోలు కొండమీద ఐదుగురు మోకరించారు. జూయెట్ దంపతులతో కలిసి ప్రార్థించిన మిగిలిన ముగ్గురు తెలుగు విశ్వాసులు: క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వారు దేవుణ్ణి అడిగారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ, నెల్లూరు చేరింది 1865లో. ఒంగోలుకు మకాం మార్చింది 1866లో. అంటే ఆ ప్రార్థనకు పన్నెండేళ్లు పట్టింది. పెన్న దాటి మన కోవూరు మీదుగా ఒంగోలు వైపు పోయే బస్సులో అదే ప్రయాణం నేడు కొన్ని గంటల పని. బస్సు వేగానికి అలవాటుపడిన మనం ప్రార్థన విషయంలోనూ అదే వేగం ఆశిస్తున్నామేమో ఆలోచించాలి.

యెర్రగుంట్ల పేరయ్య: విన్నవాడు, వెంటనే చెప్పినవాడు

ఒంగోలు ప్రాంతపు ఉద్యమాన్ని క్లౌ దొరగారి పేరుతో చెప్పుకుంటాం. అయితే దాని మొదటి అడుగు ఒక తెలుగువాడిది. తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, మాదిగ కులస్థుడు. అంతకుముందే భక్తి మార్గాలు వెదికినవాడు, యోగ సాధన చేసినవాడు. వ్యాపారం కోసం ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు.

బాప్తిస్మం తరువాత ఆయన ఏమి చేశాడు? తన ఊరికి వెళ్లి, తనకు తెలిసిన కొద్దిపాటి సంగతులను తన బంధువులకు, తోళ్లు కొనే ఊళ్లవారికి చెప్పాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం కేవలం ఎనిమిదిమందితో ఏర్పడింది. ఆ నెలలోనే క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల ఊళ్లనుండి జనం అన్నం మూటలతో వచ్చి కూర్చున్నారు. ఆ దినాల్లో ఇరవై ఎనిమిదిమంది బాప్తిస్మం పొందారు. దొరగారు వచ్చేసరికే పొలం దున్ని ఉంది.

పేరయ్యకు వేదాంత కళాశాల చదువు లేదు. తరువాత నేర్చుకున్నాడు, నేర్చుకుంటూ చెప్పాడు. ఒకరి ప్రశ్నకు జవాబు తెలియకపోతే, అది తెలుసుకోవాలన్న ఆకలి పుడుతుంది. సాక్ష్యం ఎదుగుదలకు తోడ్పడేది ఇలాగే. అయితే ఆకలి ఒక్కటే చాలదని మన పెద్దలకు తెలుసు. అందుకే 1872లో రామపట్నంలో తెలుగు బోధకుల కోసం సెమినరీ ఆరంభమైంది. ఉత్సాహం పొలంలో మొలిచింది, ఉపదేశం దానికి గట్టు వేసింది.

వెల చెల్లించిన విశ్వాసం

కొత్త విశ్వాసులు మూడు నియమాలు పాటించాలని క్లౌ కోరారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. నేడు ఇవి చిన్నవిగా కనబడవచ్చు. ఊరి పెత్తందార్ల కింద బ్రతికే మాదిగ కుటుంబానికి ఇవి కూటి సంగతులు. జాతరలో డప్పు కొట్టమంటే కొట్టం అన్నవారికి పని ఇవ్వలేదు. కొన్నిచోట్ల తప్పుడు నేరాలు మోపారు. బోధకుడు నోరు విప్పకముందే వారి ఆదివారం ఊరంతటికీ ప్రసంగించింది.

ఒంగోలు మిషన్ కూడా వెల చెల్లించింది. అగ్రకులాలవారు కొందరు మిషన్‌కు దగ్గరగా వచ్చారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం తాము రామన్నారు. క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో వాక్యం తెరిస్తే, ఇద్దరికీ 1 కొరింథీయులకు 1వ అధ్యాయంలోని చివరి భాగమే కనబడిందని క్లౌ తన ఆత్మకథలో చెప్పారు. లోకం ఎన్నికచేయని వారిని దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే భాగమది. తలుపు అందరికీ తెరిచే ఉంచారు, పేదవారిని మాత్రం వెనక్కి పంపలేదు. నేడు మన సంఘాల్లో పెండ్లి సంబంధాల దగ్గర, కమిటీ ఎన్నికల దగ్గర కులం అడ్డొస్తోందంటే, మన పితరులు నెగ్గిన పరీక్షలో మనం వెనుకబడ్డామన్నమాట.

కరువు కాలంలో నిలిపివేసిన బాప్తిస్మాలు

1876 నుండి 1878 వరకు దక్షిణదేశాన్ని మహా కరువు పట్టింది. పనులు కల్పించడానికి ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. మన తీరం వెంబడి కోవూరుకు తూర్పున సాగే కాలువ అదే. క్లౌ అందులో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుగా తీసుకుని వేలమందికి కూలి దొరికేటట్టు చేశారు. తెలుగు బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. మట్టి మోసి అలసి కూర్చున్నవారికి, ప్రయాసపడి భారం మోసేవారిని యేసు తనయొద్దకు పిలిచిన మాటను (మత్తయి 11:28) మళ్లీమళ్లీ వినిపించారు.

అనేకులు బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి, గింజలు తన చేతిలో ఉన్నంతకాలం, ఆ చేతితో బాప్తిస్మం ఇస్తే అది ఆకలికి ఇచ్చినదవుతుందేమోనని సుమారు పదిహేను నెలలు ఆపారు. సహాయం ముగిసిన తరువాత, ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని తేటగా చెప్పారు. తమకు ఆ సహాయం అక్కరలేదని, ప్రభువే కావాలని వారు జవాబిచ్చారు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లిలో 1878 జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు నీటిలో దిగితే మిగిలినవారు వంతు కోసం ఒడ్డున ఉండేవారు.

2,222 అన్న సంఖ్యను మనం ఉజ్జీవ సభల్లో గర్వంగా చెబుతాం. దాని ముందున్న పదిహేను నెలల నిరీక్షణను చెప్పడం మరచిపోతాం. ఇవ్వగల స్థితిలో ఉండి కూడా ఆగడం అసలైన ధైర్యం. దేవుని పనిని దేవునికే వదిలిపెట్టగలవాడే అలా ఆగగలడు.

నేటి మన పరిస్థితి

బియ్యం కోసం మతం మారారన్న నింద ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. దానికి జవాబు మన నడతే కావాలి. వరద వచ్చినా, తుఫాను వచ్చినా సహాయం చేయండి. ఆ సంచిలో కరపత్రం పెట్టకండి. సహాయం పొందినవారు ఏ దేవుణ్ణి మొక్కినా వచ్చేసారి కూడా ఇవ్వండి. ఎవరైనా వచ్చి కారణం అడిగితే అప్పుడు చెప్పండి.

చట్టం విషయంలోనూ విశ్వాసికి స్పష్టత ఉండాలి. రాజ్యాంగంలోని 25వ అధికరణం ప్రతి వ్యక్తికీ తన మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను ఇస్తోంది. అది ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడినది. తన మత సిద్ధాంతాలను వివరించే హక్కు ఉందని, మరొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. మన వేదాంతం కూడా ఇంతకంటే ఎక్కువ అడగదు. మనస్సు మార్చేది పరిశుద్ధాత్మ దేవుడు. మనకు అప్పగించినది సాక్ష్యం. ఇతరుల దేవాలయాల దగ్గరకు వెళ్లి ప్రకటించడం, వారి దేవతలను దూషించడం ధైర్యం క్రిందికి రావు. ఎఫెసు పట్టణంలో పౌలు, అతని జతపనివారు అక్కడి దేవతను దూషించలేదని ఆ పట్టణపు కరణమే సాక్ష్యమిచ్చాడు (అపొ. కా. 19:37).

ఇంకొక నొప్పిని దాచకుండా మాట్లాడాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో అందులో చేర్చారు. మనం బయటనే ఉన్నాం. పిల్లల చదువు, ఉద్యోగం తలచుకుని ఎన్నో కుటుంబాలు విశ్వాసాన్ని బహిరంగంగా ఒప్పుకోవడానికి వెనకాడుతున్నాయి. ప్రసంగపీఠం మీద నిలబడి "పిరికివారు" అనడం సులభం. వారి ఇంటికి వెళ్లి, వారు మోసే బరువు విని, నిజం పలకడానికి అయ్యే ఖర్చులో సంఘంగా పాలుపంచుకోవడం కష్టం. ఒక బిడ్డ ఫీజు సంఘం కట్టగలిగితే, ఒక తండ్రి తన విశ్వాసాన్ని తల ఎత్తి చెప్పుకోగలడు. ధైర్యం ఒక్కొక్కరికీ విడిగా వచ్చే వరమే కాదు, సంఘం కలిసి మోసే భారం కూడా.

సంఘాల్లో ఆచరించదగినవి

మొదటిది, ప్రార్థన. ప్రతి కుటుంబం మూడు ఇళ్ల పేర్లు రాసుకుని ఏడాదిపాటు ప్రతిరోజూ ప్రార్థించాలి. పన్నెండేళ్లు కనిపెట్టిన ఐదుగురిని గుర్తుంచుకోండి.

రెండవది, వాక్యం. మార్కు సువార్తలో పదహారు అధ్యాయాలున్నాయి. కొత్త విశ్వాసి ఒకరు, పాత విశ్వాసి ఒకరు వారానికి ఒక అధ్యాయం చొప్పున కలిసి చదివితే నాలుగు నెలల్లో పూర్తవుతుంది. ఇద్దరూ ఎదుగుతారు.

మూడవది, సాక్ష్యం. ప్రభువు మీకు చేసిన మేలును మూడు నిమిషాల్లో, పొరుగువారికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం నేర్చుకోండి. స్త్రీల కూడికలో, యౌవనస్థుల కూడికలో అభ్యాసం చేయండి. వరినాట్ల దగ్గర, రొయ్యల చెరువు గట్టు మీద, నెల్లూరు బస్సులో ఎవరైనా అడిగినప్పుడు ఆ మూడు నిమిషాలు చాలు.

నాలుగవది, నడత. అప్పు తీర్చండి. తూకం సరిగా వేయండి. పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలుంటే మైకు తగ్గించండి. మీ ఆదివారం మీ సోమవారంలో కనబడాలి.

ఐదవది, కాపుదల. బాప్తిస్మపు ఫోటోతో పని ముగియదు. తాను ఆజ్ఞాపించిన వాటినన్నిటినీ గైకొనుటకు బోధించమని ప్రభువు చెప్పాడు (మత్తయి 28:20). బాప్తిస్మం పొందిన ప్రతివారికీ కనీసం ఒక సంవత్సరం తోడుండే పెద్దను సంఘం నియమించాలి.

ప్రియులారా, "నేనెంతటివాణ్ణి?" అని అడిగేవారికి పేరయ్య జీవితమే జవాబు. తెలిసినంత చెప్పాడు, చెప్పినకొద్దీ నేర్చుకున్నాడు. ఈ వారం మీకు తెలిసిన ఒక్క సంగతిని, అడిగిన ఒక్క మనిషికి, సాత్వికంతో చెప్పండి. ఫలం ప్రభువు చేతిలో ఉంది. అట్టి ధైర్యాన్ని, అట్టి ఓర్పును మన సంఘాలన్నిటికీ ఆయన దయచేయును గాక. ఆమేన్.