పనికి ‘సాయం’ అని పేరు పెట్టిన చోట

కొన్నేళ్ళ క్రితం జూన్ 12న, ప్రపంచ బాలకార్మిక వ్యతిరేక దినం సందర్భంగా విజయవాడలో ఒక సభలో మాట్లాడాను. చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి చట్టాల చరిత్ర చెప్పమన్నారు. 1881 ఫ్యాక్టరీల చట్టంతో మొదలుపెట్టి 2016 సవరణ దాకా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు మా చెల్లి బందరు నుంచి ఏదో పని మీద వచ్చి, వెనక వరసలో కూర్చుని అంతా వింది. ఇంటికి వెళ్తూ ఆటోలో అడిగింది.

“అక్కా, అయితే నేను బాలకార్మికురాలినేనంటావా?”

నేను జవాబు చెప్పలేదు. గంటసేపు అంత ధాటిగా మాట్లాడినదాన్ని, ఆటోలో బయటికి చూస్తూ కూర్చున్నాను. చెల్లి ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబే ఇది.

మాది బందరు. రికార్డుల్లో మచిలీపట్నం అని రాస్తారు గానీ మాకు బందరే. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు నాకు పదేళ్ళు, చెల్లికి ఎనిమిది. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. ఆ మిల్లు నెలల తరబడి తెరుచుకోలేదు. అప్పుడు మా ఇంట్లోకి గొలుసులు వచ్చాయి.

చిలకలపూడి గిల్టు నగల పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. ఆ నగ ఒక్కచోట తయారవదు. తీగ లాగేది ఒకచోట, దాన్ని చుట్టి రింగులుగా కత్తిరించేది ఇంకోచోట. రింగుల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి గొలుసుగా అల్లడం, అతుకులు వేయడం మాలాంటి ఇళ్ళల్లో. బంగారపు పూత మరెక్కడో. ఏజెంటు సరుకు తూచి ఇస్తాడు, తూచి తీసుకుంటాడు, డజన్ల లెక్కన డబ్బులిస్తాడు. తరుగు వస్తే మన డబ్బుల్లోంచే పోతుంది.

అమ్మ వంట ముగించుకుని కూర్చునేది. మేం బడి నుంచి వచ్చి కూర్చునేవాళ్ళం. నా చేతిలో రింగు నిలిచేది కాదు. చెల్లివి సన్నటి వేళ్ళు, చూపు నిలకడ. “ఈ పిల్లది మంచి చెయ్యమ్మా” అని ఏజెంటు మెచ్చుకునేవాడు. ఆ మెప్పుకి ఏం ఖరీదు కట్టామో నాకు చాలా ఏళ్ళ దాకా అర్థం కాలేదు. ఆరో తరగతి తర్వాత చెల్లి బడి మానేసింది. నేను నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మే చదివాను. నా ఫీజుల్లో ఎన్ని డజన్ల గొలుసులున్నాయో ఎవరూ లెక్క రాయలేదు. అమ్మ ఏనాడూ “పిల్ల పనిచేస్తోంది” అనలేదు. “సాయం చేస్తోంది” అనేది.

అదే ఊళ్ళో ఇంకోరకం పని కూడా ఉండేది. స్వాతంత్ర్యానికి ముందు నుంచీ ఉన్న ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో ప్రభుత్వరంగ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. తర్వాత చీకట్లో కూడా చూడగలిగే పరికరాలు సైన్యం కోసం అక్కడ తయారయ్యాయి. అదీ చూపు నిలిపి, వేళ్ళు వణక్కుండా చేయాల్సిన సన్నటి పనే. కాకపోతే దానికి గేటు ఉంది, హాజరు పుస్తకం ఉంది, యూనియన్ ఉంది. ఆ చేతికి నైపుణ్యం అని పేరుంది, పేరుకి తగ్గ జీతముంది. మా వీధి ఆడవాళ్ళలో ఆ గేటు దాటి లోపలికి వెళ్ళినవాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ లేరు. గేటు అవతల నైపుణ్యం అయినది మా గడప ఇవతల సాయం అయింది. నేను చదువుకున్న చరిత్రలో ఈ తేడాకి చోటు దొరకలేదు.

ఎందుకు దొరకలేదో చట్టాలు మళ్ళీ చదివితే తెలిసింది. అవి ముందు పనిని చూడవు, పని జరిగే చోటుని చూస్తాయి. 1881 చట్టం వందమందికి తక్కువ కాకుండా పనిచేసే, యంత్రశక్తితో నడిచే ఫ్యాక్టరీలకే వర్తించింది. ఏడేళ్ళ లోపు పిల్లల్ని పెట్టుకోకూడదంది. ఏడు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళతో రోజుకి తొమ్మిది గంటలు చేయించుకోవచ్చంది! 1948 చట్టం వయసును 14కి పెంచింది. కరెంటుతో నడిస్తే 10 మంది, లేకపోతే 20 మంది ఉన్న చోటే దానికి ఫ్యాక్టరీ. అమ్మ, చెల్లి, నేను కలిస్తే ముగ్గురం.

1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. పిల్లలతో చేయించకూడని పనుల జాబితా పెట్టి, పోను పోను పెంచుకుంటూ వెళ్ళారు. ఎలక్ట్రానిక్ పరిశ్రమల్లో అతుకు వేసే పని, అంటే సోల్డరింగ్, ఆ జాబితాలో చేరింది. ఆటోమొబైల్ రిపేర్లు కూడా చేరాయి. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ‘చోటూ’లని పిలిపించుకున్న మగపిల్లలు అలా కనీసం కాగితం మీదకి వచ్చారు. కానీ అదే చట్టంలో, యజమాని తన కుటుంబంతో కలిసి నడిపే పనిచోటుకి ఈ నిషేధం వర్తించదని ఒక వాక్యం ఉండేది. మా చెల్లిలాంటి పిల్లలు ఆ ఒక్క వాక్యం వెనక ఉండిపోయారు.

2016 సవరణ 14 ఏళ్ళలోపు పిల్లల పనిని అన్ని రంగాల్లోనూ నిషేధించింది. అదే చేత్తో, ప్రమాదకరం కాని పనుల్లో బడి అయ్యాకా సెలవుల్లోనూ పిల్లలు కుటుంబానికి ‘సాయం’ చేయవచ్చంది. అది చదువుతుంటే నాకు అమ్మ గొంతు వినిపించింది. అమ్మకి ఆ మాట వాడక తప్పని అవసరం ఉంది. పార్లమెంటుకి ఏం అవసరమొచ్చింది?

‘సన్నటి వేళ్ళు’ అన్న మెప్పు మా ఏజెంటు సొంతం కాదని కూడా తర్వాత తెలిసింది. మరియా మీస్ మన పక్క డెల్టాలోని నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద పుస్తకం రాసింది, 1982లో. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న స్త్రీలు ‘ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు’గా ఎలా లెక్కలోకొచ్చారో చూపించింది. దానికి ఒక ఏడాది ముందు డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ ఎలక్ట్రానిక్స్, బట్టల ఫ్యాక్టరీల్లో ఆడపిల్లల గురించి రాశారు. ఆ వేళ్ళ చురుకు పుట్టుకతో రాలేదు, చిన్నప్పటి నుంచీ ఇంట్లో కుట్లూ అల్లికలూ నేర్పితే వచ్చింది. ఇంట్లో నేర్పిన విద్య కాబట్టి అది కళ్ళకి కనపడదు, కనపడదు కాబట్టి కూలి తక్కువ అన్నది వాళ్ళ వాదన. అమెరికాలో నవహో ఆదివాసీల నేలమీద 1965లో ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ కంపెనీ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు, తివాచీలు నేసే ఆడవాళ్ళ చేతులకి సర్క్యూట్లు సహజంగానే వస్తాయని ప్రచారం చేసుకుంది. పదేళ్ళకి, ఆదివాసీల ఆందోళన జరిగాక, మూసుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడ నేను చేర్చగలిగింది ఒక్కటే. ఇంట్లో నేర్పిన విద్య అంటున్నామే, బందరులో ఆ నేర్పు పేరే బాలకార్మికత. ఎనిమిదేళ్ళ పిల్ల చేతికి పదేళ్ళపాటు జరిగిన ఉచిత శిక్షణ. ఎవరి ఖర్చుతో? ఒక బాల్యం ఖర్చుతో.

ఇది నా చెల్లితో ఆగిపోయి ఉంటే పాతకాలపు కథ అనుకునేదాన్ని. దాని కూతురు 1997లో పుట్టింది. ఇంటర్ దాకా చదివింది గానీ సాయంత్రాలు తల్లి పక్కన కూర్చుని అతుకులు వేస్తూనే చదివింది. పద్దెనిమిది నిండాక దక్షిణాదిలో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరింది. కాంట్రాక్టరు ఇచ్చిన దరఖాస్తులో ‘పూర్వానుభవం’ అన్నచోట ‘లేదు’ అని రాసింది. బోర్డుల మీద సన్నటి భాగాలు అతికే పనికి దాన్ని పెట్టారు. మూడో రోజుకే చెయ్యి తిరిగిందని సూపర్‌వైజరు ఆశ్చర్యపోయాడట. “ఆశ్చర్యమేముంది పెద్దమ్మా, అది మా వంటింటి పనేగా” అని నవ్వింది. జీతం మాత్రం కొత్తగా చేరినవాళ్ళ జీతమే.

పెద్ద కంపెనీల గేటు దగ్గర వయసు చూస్తారు. పిల్లలు దొరికితే అది వార్త అవుతుంది. ఆపిల్ తన సరఫరాదారుల ఫ్యాక్టరీల్లో 16 ఏళ్ళలోపు వాళ్ళు 91 మంది దొరికారని 2011 నివేదికలో తనే చెప్పుకుంది. బ్యాటరీలకి వాడే కోబాల్టు దొరికే కాంగో దక్షిణ ప్రాంతపు గనుల్లో సుమారు 40,000 మంది పిల్లలున్నారని యునిసెఫ్ 2014లో అంచనా వేసింది. గేటు లోపలికి పిల్లని రానివ్వరు. గేటుకి ముందు గనిలోనో వంటింట్లోనో ఆ పిల్ల పని అయిపోయి ఉంటుంది.

పద్దెనిమిది దాటాక కూడా వేళ్ళే కావాలి, మనిషి అక్కర్లేదు. 2021 డిసెంబరులో శ్రీపెరంబుదూరు ఫాక్స్‌కాన్ కార్మికురాళ్ళు హాస్టలు తిండి తిని 150 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. తోటివాళ్ళు చెన్నై-బెంగళూరు రహదారి మీద బైఠాయిస్తేనే వాళ్ళ హాస్టళ్ళు ఎలా ఉన్నాయో లోకానికి తెలిసింది. అక్కడే ఐఫోన్ పనికి పెళ్ళయిన ఆడవాళ్ళని తీసుకోవడం లేదని 2024లో రాయిటర్స్ బయటపెట్టింది. పిల్లప్పుడు సాయం, కన్నెపిల్లప్పుడు కాంట్రాక్టు, పెళ్ళయితే మళ్ళీ ఇల్లు. వేళ్ళకున్న నేర్పు మాత్రం ఏ దశలోనూ లెక్కకి రాదు.

2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఫ్యాక్టరీ అనడానికి కావలసిన మనుషుల సంఖ్యని 20కి, కరెంటు లేకపోతే 40కి పెంచాయి. గడప ఇవతల ఉండిపోయేవాళ్ళు ఇంకా పెరుగుతారు. ఇంటి దగ్గర చేసే పనిని కూడా పనిగా గుర్తించమన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక 1996 నాటిది. మనదేశం దాన్ని ఆమోదించలేదు. తల్లుల్ని దోషులుగా నిలబెట్టే చట్టం నాకు అక్కర్లేదు. డజనుకి ఇచ్చే రేటు పెద్దవాళ్ళ కూలితోనే ఇల్లు గడిచేంత ఉంటే, చెల్లిని ఏ అమ్మా పీట మీద కూర్చోబెట్టదు. ఆ రేటుకి ఏజెంటునీ, అతని వెనకున్న వ్యాపారినీ బాధ్యుల్ని చేసే చట్టం కావాలి.

2024లో చెల్లికి ఈ-శ్రమ్ కార్డు చేయించడానికి దాని కూతురు ఫోను పట్టుకుని కూర్చుంది. ఏం పని అని అడిగితే చెల్లి అలవాటుగా “ఏముంది, ఇంట్లోనే” అంది. గిల్టు నగల పని అని రాయించాను. ఎన్నేళ్ళ అనుభవం అని అడిగింది ఫోను. “నలభై ఏడు” అన్నాను.

“అమ్మకి యాభై అయిదేగా పెద్దమ్మా. అలా రాస్తే ఎనిమిదేళ్ళ నుంచీ చేస్తున్నట్టవుతుంది.”

“అవుతుంది” అంది చెల్లి. “అదే రాయి.”