నీళ్ళు పడని బావి

1828లో సైబీరియాలోని యాకుట్స్క్ పట్టణంలో ఫ్యోదర్ షెర్గిన్ అనే ఆయన తన ఆవరణలో బావి తవ్వించడం మొదలుపెట్టాడు. ఉన్ని తోళ్ళ వ్యాపారం చేసే రష్యన్-అమెరికన్ కంపెనీకి అక్కడి వ్యవహారాలు చూసే ఉద్యోగి ఆయన. ఊరిని ఆనుకునే లేనా మహానది పారుతున్నా చలికాలం వస్తే నీళ్ళకు కటకటే. జనవరిలో మైనస్ 40 డిగ్రీలు అక్కడ మామూలు. నదిలోంచి మంచు దిమ్మెలు కోసి, బండి మీద ఇంటికి తెచ్చి, పొయ్యి పక్కన కరిగించుకుంటేనే గొంతు తడిసేది. ఇంటి దగ్గరే బావి ఉంటే ఈ అవస్థ తప్పుతుందనుకున్నాడు షెర్గిన్.

వేసవికి మెత్తబడే పైపొర దాటగానే నేల రాయిలా తగిలింది. పది మీటర్లు దిగారు, ఇరవై దిగారు. పైకి వచ్చిన ప్రతి గంపెడు మట్టీ గడ్డకట్టే ఉంది, చుక్క నీరు లేదు. డబ్బు దండగని విసిగి పని ఆపేద్దామనుకున్నాడు. సరిగ్గా అప్పుడే నౌకాదళ అధికారి ఫెర్డినాండ్ వ్రాంగెల్ అలాస్కా వెళ్తూ ఆ ఊళ్ళో ఆగాడు. ఉత్తర సైబీరియా తీరమంతా తిరిగి చూసిన మనిషి. నీళ్ళు పడకపోయినా ఫరవాలేదు, ఈ గడ్డ నేల ఎంత లోతు దాకా ఉందో తేలుతుంది, తవ్వకం ఆపొద్దని షెర్గిన్‌ను ఒప్పించాడు. ఆయన ఆ దారిన రాకపోయి ఉంటే ఈ కథ అక్కడితో ముగిసేది.

వ్రాంగెల్‌కు అంత పట్టుదల ఎందుకంటే, అప్పటికే ఇది రెండు శతాబ్దాల నాటి చిక్కు. 1632లో కోసక్కులు లేనా ఒడ్డున కోట కట్టి, చుట్టుపక్కల జాతుల దగ్గర జంతువుల తోళ్ళను కప్పంగా వసూలు చేయడం మొదలుపెట్టారు. మాస్కో నుంచి వచ్చిన అధికారులు అక్కడ ధాన్యం పండించాలని చూశారు. నడి వేసవిలో కూడా భూమి పూర్తిగా కరగడం లేదని, బావులు తవ్వలేకపోతున్నామని జార్‌కు ఉత్తరాలు రాశారు. 1730లలో ఆ ప్రాంతానికి వెళ్ళిన గ్మెలిన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడూ ఇదే మాట చెప్పాడు. యూరప్ పండితులు నమ్మలేదు. చెట్లు పెరిగే చోట నేల అడుగున ఏడాది పొడవునా గడ్డకట్టి ఎలా ఉంటుందన్నది వారి ప్రశ్న. పేరున్న భూగర్భ శాస్త్రజ్ఞుడు లియోపోల్డ్ వాన్ బుక్ ఆ కబుర్లన్నీ నమ్మదగినవి కావని కొట్టిపారేశాడు.

అక్కడి సఖా ప్రజలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పశువుల్నీ గుర్రాల్నీ తోలుకుని తరాల కిందట దక్షిణాది నుంచి వచ్చిన తురుష్క భాషా కుటుంబం వాళ్ళది. శీతాకాలం మొదట్లో చెరువు మీది మంచును దిమ్మెలుగా కోసి, భూమిలో తవ్విన నేలమాళిగలో పేర్చుకుంటారు. నేలమాళిగ గోడలు ఎండాకాలంలోనూ కరగవు. మండు వేసవిలో ఒక్కో దిమ్మె పైకి తెచ్చి పీపాలో వేసుకుంటే అవే తాగే నీళ్ళు. అక్కడ వానా మంచూ కలిపినా ఏడాదికి మన అనంతపురంలో పడే వానలో సగం కూడా ఉండదు. ఆ కాస్త తడీ కిందికి ఇంకిపోకుండా గడ్డ నేలే ఆపుతుంది కాబట్టి అడవి బతుకుతోంది. గడ్డ కరిగి కుంగిన పల్లాల్లోనే వాళ్ళ పచ్చిక బయళ్ళున్నాయి. పండితులు అసాధ్యమన్న నేల మీదే ఒక జాతి జీవనమంతా అల్లుకుని ఉంది.

1837 నాటికి షెర్గిన్ బావి 116 మీటర్లు దిగింది. నీరు పడలేదు. తవ్వకం ఆపేశారు. అన్నేళ్ళ పాటు, ఏ లాభమూ కనబడని గోతిలోకి మనుషుల్ని దింపుతూ వచ్చిన ఆ ఉద్యోగి మీద నాకు పెద్ద గౌరవం.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని సైన్స్ అకాడమీలో కార్ల్ ఎర్న్‌స్ట్ వాన్ బేర్ ఈ వార్త విని ఉప్పొంగిపోయాడు. ఆయన ప్రోద్బలంతో అకాడమీ పంపిన అలెగ్జాండర్ మిడెన్‌డార్ఫ్, తైమీర్ ద్వీపకల్పంలో చావు అంచుల దాకా వెళ్ళి వచ్చి, 1844లో యాకుట్స్క్ చేరాడు. బావి గోడల్లో వేర్వేరు లోతుల దగ్గర రంధ్రాలు తొలిచి, వాటిలో థర్మామీటర్లు పెట్టించాడు. పైభాగాన మైనస్ పది డిగ్రీల దరిదాపుల్లో ఉన్న చలి, దిగేకొద్దీ నెమ్మదిగా తగ్గుతూ అడుగున మైనస్ మూడు దగ్గరికి వచ్చింది. ఆ తగ్గుదలను లెక్కగట్టి, గడ్డ పొర మొత్తం మందం దాదాపు రెండు వందల మీటర్లు ఉండొచ్చని అంచనా వేశాడు. షెర్గిన్ దారి తప్పలేదు, సగం దారిలో ఆగాడంతే. వాదనలకు తెరపడింది.

ప్రభుత్వానికి మాత్రం ఈ జ్ఞానం అవసరం చాలాకాలం పడలేదు. 1891లో ట్రాన్స్-సైబీరియన్ రైలు మార్గం పని మొదలయ్యాక పడింది. బైకాల్ సరస్సు దాటాక స్టేషన్ భవనాలు ఒక మూల కుంగి, ఒక మూల లేచి, బీటలు తీశాయి. ఆ తూర్పు ప్రాంతంలో ఇంటి వేడికి కింది నేల కరిగి, అడుగున ఒత్తిడితో ఉన్న నీరు గదిలోకి తన్నుకొచ్చి, కిటికీల దాకా గడ్డకట్టిన ఇళ్ళున్నాయి. అమూర్ ప్రాంతంలో ఏళ్ళ తరబడి పనిచేసిన మిఖాయిల్ సుమ్గిన్ ఈ అనుభవాలన్నీ కూడగట్టి 1927లో పుస్తకం ప్రచురించాడు. ఏడాది పొడవునా కరగని ఈ గడ్డ నేల, అంటే పర్మాఫ్రాస్ట్, అధ్యయనం ఒక శాస్త్రంగా నిలబడింది దానితోనే. 1940లలో పావెల్ మెల్నికోవ్ బృందం యాకుట్స్క్‌లో బోరు వేసి, గడ్డ పొరను పూర్తిగా దాటి, దాని కింద నీటిని అందుకుంది.

ఇక ఆ నేల మీద భవనాలు నిలబెట్టే చిక్కు తేలింది నొరిల్స్క్‌లో. నికెల్ కోసం సోవియట్ ప్రభుత్వం ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన 1935లో అక్కడ ఖైదీల శిబిరం తెరిచింది. అలా ఖైదీగా వచ్చినవారిలో కొరియన్ జాతికి చెందిన ఇంజనీరు మిఖాయిల్ కిమ్ ఒకరు. అక్కడ బండరాయి తగిలేదాకా తవ్వి పునాది వేసేవారు. ఖర్చు విపరీతం, రాయి లోతుగా ఉన్నచోట అసలు కుదరదు. విడుదలయ్యాక అక్కడే పనిచేసిన కిమ్ గడ్డ నేలనే పునాదిగా వాడుకోవాలని పట్టుబట్టాడు. నేలలో రంధ్రాలు తొలిచి కాంక్రీటు స్తంభాలు దించి, చుట్టూ బురద పోస్తే నాలుగు వైపులా గడ్డకట్టి బిగుసుకుంటాయి. భవనాన్ని వాటి మీద నేలకు తగలకుండా ఎత్తి కడితే, కింద చలిగాలి ఆడి ఇంటి వేడి నేలకు చేరదు. కింద గాలి ఆడాలన్న ఆలోచన అంతకు ముందే ఉన్నా, ఆయనా సహచరులూ దాన్ని నగరమంతటికీ పనికొచ్చే పద్ధతిగా మలిచారు. 1966లో వారికి లెనిన్ బహుమతి వచ్చింది. తనను సంకెళ్ళతో పంపిన రాజ్యానికే నగరం నిలబెట్టే దారి చూపాడు కిమ్.

ఇప్పుడు యాకుట్స్క్ ఉన్న సఖా రిపబ్లిక్ వైశాల్యం దాదాపు భారతదేశమంత, జనాభా పది లక్షలు. అందులో మూడు లక్షల మందికి పైగా యాకుట్స్క్‌లో, చాలామంది అలాంటి స్తంభాల మీది ఇళ్ళలో ఉంటున్నారు. 1960లో అక్కడ ఏర్పడిన పర్మాఫ్రాస్ట్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు బోరు రంధ్రాల్లో ఉష్ణోగ్రతలు కొలుస్తూ వస్తున్నారు. గాలి వేడెక్కుతున్న ఈ రోజుల్లో ఆ పని ప్రాణావసరమైంది. నేల సున్నాకు చేరకముందే, మైనస్ మూడు నుంచి మైనస్ ఒకటికి వస్తేనే స్తంభాల పట్టు బాగా సడలుతుంది. కాబట్టి గడ్డ ఇంకా గట్టిగానే కనిపిస్తున్నా, థర్మామీటరులో కొద్దిపాటి తేడా వచ్చిందంటే ఇంజనీర్లు ఆ భవనం కిందికి దిగి చూడాల్సిందే.