తబలా సహకారం: షేక్ దావూద్

డిసెంబరు 15 జాకిర్ హుస్సేన్ వర్ధంతి. 2024లో ఆయన పోయినప్పటినుంచి ఆ రోజు రాగానే అందరికీ తబలా గుర్తొస్తుంది. మర్నాడు, డిసెంబరు 16, హైదరాబాద్ తబలా విద్వాంసుడు ఉస్తాద్ షేక్ దావూద్ ఖాన్ పుట్టినరోజు. ఇక్కడి హిమాయత్‌నగర్ మెయిన్ రోడ్డులో పదిమందిని ఆపి అడిగితే ఈయన ఎవరో ఒక్కరైనా చెబుతారన్న నమ్మకం నాకు లేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

మద్దెల వాయించేవాళ్లను మన చరిత్ర మొదటినుంచీ పెద్దగా పట్టించుకోలేదు. 1213 నాటి రామప్ప గుడి రాళ్ల మీద వాళ్లు కనిపిస్తారు, పేర్లుండవు. గోల్కొండ కథల్లో తారామతి, ప్రేమావతి ఉన్నారు. అసఫ్‌జాహీల కాలంలో మహలఖా బాయి చందా ఉంది. ఆ పాటకూ ఆటకూ పక్కన కూర్చుని తాళం మోసినవాళ్ల ఊసు మాత్రం అరుదు. ఏడో నిజాం పెద్దకొడుకు ఆజం జా అసలు పేరు హిమాయత్ అలీ ఖాన్. ఆ పేరుతో హిమాయత్‌నగర్ అనే పేటే వెలిసింది. కళాకారులకు అంతటి అదృష్టం ఎక్కడిది?

దావూద్ 1916లో షోలాపూర్‌లో పుట్టారు. మన పద్మశాలీలు వలసవెళ్లి మగ్గాలు వేసుకున్న ఊరది. నేతపని లయ వీధి వీధినా వినిపించిన ఊళ్లో ఒక తబలా విద్వాంసుడు పుట్టాడంటే నాకు ముచ్చటగా ఉంటుంది. అక్కడే మహమ్మద్ ఖాసిం దగ్గర తొలి పాఠాలు నేర్చుకుని, హైదరాబాద్ వచ్చి ఇక్కడి ఉస్తాద్‌ల దగ్గర సాధన సాగించారు.

ఆయనకు ఈ ఊళ్లో కూడు పెట్టింది రేడియో. 1933లో ఆబిడ్స్ పక్కన చిరాగ్ అలీ లేన్‌లో మహబూబ్ అలీ అనే ఆయన 200 వాట్ల ప్రసార కేంద్రం పెట్టారు. రెండేళ్లకు దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుంది. అదే దక్కన్ రేడియో. ఉర్దూదే పెద్దపీట అయినా తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలూ వచ్చేవి. పోలీసు చర్య తర్వాత, 1950 ఏప్రిల్ 1న, అది ఆకాశవాణిలో కలిసింది. ప్రభుత్వం మారింది, స్టేషన్ పేరు మారింది, దావూద్ మాత్రం తబలా ముందు అలాగే కూర్చున్నారు.

ఆ కూర్చోవడం ఎలాంటిదో కాస్త చెప్పాలి. టేపులు అందరికీ అందుబాటులోకి రాని ఆ రోజుల్లో పాట నేరుగా గాలిలోకి వెళ్లిపోయేది. ఎర్రదీపం వెలిగాక తప్పు జరిగితే దిద్దుకునే వీల్లేదు. గాయకుడి షడ్జమానికి తబలా కలవాలి. చుట్టూ ఎనిమిది గట్టాలు, అంటే కర్రముక్కలు, వాటిని సుత్తితో దించి శ్రుతి పట్టాలి. చిన్న తేడా ఉంటే పైనున్న తోలు అల్లిక, గజ్రా మీద ఒక్క దెబ్బ. వానాకాలం గాలికి తోలు మెత్తబడితే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక విలంబిత ఏక్‌తాల్ తీసుకోండి. పన్నెండు మాత్రలు. ఖయాల్ బాగా నెమ్మదిగా నడిస్తే ఒక్కో మాత్ర నాలుగైదు సెకన్లు సాగుతుంది, ఆవర్తనం తిరిగొచ్చేసరికి దాదాపు నిమిషం. అంతసేపూ ఠేకా, అంటే తాళం నడిపే మూల వరస, వెంట్రుకవాసి కదలకూడదు, గాయకుడికి అడ్డు రాకూడదు. కాసేపయ్యాక గజల్, మరికాసేపటికి ఠుమ్రీ, ఇంకో గంటకు సితార్. రేడియో స్టాఫ్ ఆర్టిస్టుకు ఎంపిక ఉండేది కాదు. ఎవరు వస్తే వాళ్లకు వాయించాలి. వాయించే కొద్దీ గుర్తింపు గాయకుడికే పోతుంది. చేతిలో విద్య ఉండి దాన్ని అణచుకోవడానికి ఎంత పెద్ద మనసు కావాలి!

ఆ విద్య మొత్తం బయటపడేది సోలోలో. ఢిల్లీ బాజ్‌లో రెండు వేళ్ల పని, పూరబ్ బాజ్‌లో అరచేతి నాదం, ఏ ఘరానా బందిష్ అయినా దాని పద్ధతిలోనే పలికించేవారు. పాతవాటిని పోగుచేసుకున్నారు, తానూ కొత్తవి కూర్చారు. తబలాలో రచన అంటే ‘తిరకిట’లాంటి నాలుగు బోళ్లు తీసుకుని, వాటిని తిప్పి, విరిచి, పెంచి, చివరికి మూడుసార్లు పలికే తిహాయితో సరిగ్గా ఆవర్తనం మొదటి మాత్ర, సమం మీద దింపడం. కాగితం మీద అది కాసిన్ని అక్షరాలే. ప్రాణమంతా గురువు చేతినుంచి శిష్యుడి చేతికి వెళుతుంది. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయన పెద్దవయసులో వచ్చింది. 1992 మార్చి 21న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. కొడుకు షబ్బీర్ నిసార్ ఆ విద్యను కొనసాగిస్తున్నారు.

ఆ తర్వాతి కథను వరసగా చెప్పడం కష్టం. టీవీ వచ్చింది, రేడియో గది మూలకు చేరింది, ప్యాడ్ నొక్కితే తబలా మోగే రోజులు వచ్చాయి. 2016లో దావూద్ శతజయంతి సంవత్సరం వచ్చి వెళ్లింది. ఆ ఏడాది నేను పలకరించిన కుర్రాళ్లలో ఆయన పేరు విన్నవాళ్లు కనిపించలేదు.

మా ఇంట్లో రేడియో మోగుతున్నప్పుడు గాయకుడి పేరు, రాగం పేరు చెప్పాక చివర్లో ‘తబలా సహకారం’ అని వినిపించేది. ఆ తర్వాత వచ్చే పేరు వినకముందే మేం మాటల్లో పడేవాళ్లం. ఆ తప్పు ఇప్పటికైనా దిద్దుకోవాలి. ఆకాశవాణి తన దగ్గరున్న దావూద్ టేపులను జనానికి వినిపించాలి. మీ అటక మీద పాత స్పూళ్లో క్యాసెట్లో ఉంటే బూజు పట్టకముందే డిజిటల్ చేయించండి. పైన అట్ట మీద గాయకుడి పేరు రాసేటప్పుడు, తబలా ఎవరు వాయించారో కూడా రాసి పెట్టండి.