శాపవాక్యములు – అర్థాపత్తి
పగలు భుజింపని దేవదత్తుడు బలిసియున్నాడనిన, రాత్రి భుజించుచున్నాడని ఊహింపవలెను. దీనిని మీమాంసకులు అర్థాపత్తి యన్నారు. కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి సీమల దానశాసనములను ఈ దృష్టితో చదువువారు అరుదు. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగార్లు 1905లో నెల్లూరు జిల్లా శాసనములను మూడు సంపుటములుగా ప్రకటించిరి. వానిలో రాజుల పేర్లు, తిథివారములు ఏరుకొని, చివరి శాపవాక్యములను ఆనవాయితీ మాటలని దాటిపోవుచున్నాము. నేనును చాలకాలము అట్లే దాటితిని.

దానము ఆచంద్రార్కము నిలుచుగాక యనిన దాతయే, దానిని హరించినవానికి గంగాతీరమున కపిలగోవును చంపిన పాపము తగులునని తరచుగా చెప్పించెను. హరించువారే లేనిచో ఈ బెదరింపేల? ఉదయగిరి 1514లో గజపతులనుండి కృష్ణదేవరాయల వశమైనది. దుర్గము చేతులు మారినపుడు పాతదానములకు పూచీ యెవరు? దాత ఆ ప్రశ్న వేయడు. రాజదండమును గాక గోహత్యాభీతిని కావలి నిలుపుటలో అది ధ్వనించుచున్నది. అయితే వాడుకపడిన వాక్యమునుబట్టి ఒక్కొక్క దాత మనస్సును నిర్ణయింపరాదు. అందు క్రొత్తగా చేర్చిన మాట యేదైన నున్నచో దానినే ముందు పరిశీలింపవలెను.