పెంచిన ఇల్లు, పెరిగిన బిడ్డ: భారతదేశంలో ఫోస్టర్ కేర్ చరిత్ర



మహాభారతంలో కురుకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టం మీకు గుర్తుండే ఉంటుంది. అర్జునుడికి దీటుగా విద్య చూపిన కర్ణుణ్ణి కృపాచార్యుడు విలువిద్య గురించి అడగలేదు. నీ తల్లిదండ్రులెవరు, నీ వంశమేది అని అడిగాడు. కర్ణుడు తల దించుకున్నాడు. దుర్యోధనుడు అప్పటికప్పుడు అతణ్ణి అంగరాజును చేశాడు. అంతలో పెంచిన తండ్రి అధిరథుడు కర్ర ఊతంగా రంగంలోకి వచ్చాడు. అభిషేకజలంతో తడిసిన తలను వంచి కర్ణుడు అందరి ఎదుటా ఆయనకు మొక్కాడు.

రాధ, అధిరథుల ఇంట అతడి బాల్యం ప్రేమగానే గడిచింది. చిక్కు వచ్చింది అతడు యువకుడై లోకం ముందు నిలబడిన రోజున. పరాయి ఇంట పెరిగిన పిల్లలకు ఈనాటికీ ఆ రోజు వస్తూనే ఉంది. బిడ్డను ఎవరు పెంచాలి అన్న ప్రశ్నకు మన సమాజం, మన చట్టాలు కాలక్రమంలో ఏయే జవాబులు చెప్పాయి? పెరిగి పెద్దయిన బిడ్డకు ఎవరు అండగా నిలవాలి అన్న ప్రశ్నను ఎంతవరకు పట్టించుకున్నాయి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

పెంపకం వేరు, దత్తత వేరు

తెలుగులో 'పెంపుడు కొడుకు' అన్న మాటను దత్తపుత్రుడికీ వాడతాం, ఊరికే తెచ్చి పెంచుకున్న బిడ్డకూ వాడతాం. చట్టం దృష్టిలో ఈ రెండూ ఒకటి కావు. 1956 నాటి హిందూ దత్తత, భరణపు చట్టం ప్రకారం దత్తత జరిగిన నాటి నుంచి బిడ్డ కొత్త కుటుంబానికి చెందుతుంది. వారసత్వపు హక్కు కూడా వస్తుంది. ఫోస్టర్ కేర్‌లో అలా కాదు. బాలల సంక్షేమ కమిటీ ఎంపిక చేసిన కుటుంబం బిడ్డను తన ఇంట ఉంచుకుని పెంచుతుంది. బిడ్డకు కన్నవారితో ఉన్న బంధం తెగిపోదు. పరిస్థితులు చక్కబడితే బిడ్డ వారి దగ్గరికి తిరిగి వెళ్లవచ్చు. అంటే ఇది కొంతకాలం ఆసరా ఇచ్చే ఏర్పాటు. ఈ ఏర్పాటులోని మేలూ, అందులోని అభద్రతా రెండూ ఇక్కడి నుంచే పుట్టాయి.

1850: తొలి చట్టం వేసిన ప్రశ్న

మన దేశంలో దిక్కులేని పిల్లలను ఉద్దేశించి వచ్చిన తొలి చట్టాలలో 1850 నాటి అప్రెంటిస్ చట్టం ఒకటి. అనాథలనూ, దానధర్మాల మీద పెరిగే పేద పిల్లలనూ వృత్తి నేర్పే యజమానికి ఒప్పందం మీద అప్పగించడానికి అది వీలు కల్పించింది. పదేళ్లు దాటి, 18 ఏళ్లు నిండని పిల్లలను గరిష్ఠంగా ఏడేళ్ల గడువుకు అప్పగించవచ్చు. అయితే ఆ గడువు 21 ఏళ్లు దాటరాదు. ఆడపిల్లల విషయంలో వివాహం దాటరాదు.

ఇది కరుణతో చేసిన చట్టమని అనుకోనక్కరలేదు. చవకగా పనివారు దొరకాలి, వీధుల్లో తిరిగే పిల్లల బెడద తగ్గాలి అన్న ఆలోచన అందులో ఉంది. పిల్లవాడి మనసు గురించి అందులో ఒక్క మాట లేదు. అయినా 'ఈ బిడ్డ రేపు ఏం పని చేసి బతుకుతాడు?' అన్న ప్రశ్నను ఆ చట్టం వేసుకుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. చివర్లో మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

కరవులు, అనాథాశ్రమాలు

19వ శతాబ్దపు కరవులు వేలాది పిల్లలను దిక్కులేనివారిని చేశాయి. 1837–38 కరవు తరువాత ఆగ్రా దగ్గర సికంద్రాలో క్రైస్తవ మిషనరీలు అనాథాశ్రమం నెలకొల్పారు. 1896–97లో మధ్య పరగణాలలో కరవు వచ్చినప్పుడు పండిత రమాబాయి అక్కడి బాలికలను తీసుకువచ్చి పుణె దగ్గరి కేడ్‌గావ్‌లో ఆశ్రయం ఇచ్చారు. ఒకేసారి ఇంతమంది పిల్లలకు అన్నం పెట్టవలసి వచ్చినప్పుడు పెద్ద భవనం, వరుస పడకలు, గంట కొడితే భోజనం, ఇదే వీలైన మార్గంగా కనిపించింది. కరవు పోయినా ఆ నమూనా మాత్రం నిలిచిపోయింది.

ఆ తరువాత 1920లో మద్రాసు, 1922లో బెంగాల్, 1924లో బొంబాయి బాలల చట్టాలు వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాలకు 1920 చట్టం వర్తించింది. బిడ్డను బంధువుకో, 'తగిన వ్యక్తి'కో అప్పగించే వీలు అందులో ఉంది. ఇంట్లో పెంపకమనే ఆలోచనకు చట్టంలో పడిన బీజం అదే అనవచ్చు. కానీ ఆచరణలో ఎక్కువగా వాడినవి సంస్థలే.

కుటుంబం వైపు మళ్లిన చూపు

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి ప్రపంచమంతటా ఈ చర్చ కొత్త మలుపు తిరిగింది. 1945 జనవరిలో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో డెనిస్ ఓనీల్ అనే 12 ఏళ్ల బాలుడు, తనను పెంచడానికి అప్పగించిన ఇంట్లోనే హింసకు గురై మరణించాడు. దేశం నిర్ఘాంతపోయింది. కర్టిస్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. 1948లో కొత్త బాలల చట్టం వచ్చింది. కుటుంబంలో పెంపకం మంచిదే, కానీ ఆ కుటుంబాన్ని ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలి అన్నది అందులోని పాఠం.

1951లో జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికలో, పసిబిడ్డకు అన్నం ఎంత అవసరమో తనదనుకునే ఒక మనిషి కూడా అంతే అవసరమని వాదించారు. 2000లో రుమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో మొదలైన పరిశోధన దీనికి గట్టి ఆధారం చూపింది. సంస్థల్లో ఉన్న 136 మంది పసిపిల్లలలో సగం మందిని ఫోస్టర్ కుటుంబాలలో ఉంచారు. వారి తెలివితేటలలో, పెద్దలతో పెనవేసుకునే అనుబంధంలో మెరుగుదల కనిపించింది. దాదాపు రెండేళ్లలోపే ఇల్లు దొరికిన పిల్లలలో అది మరింత స్పష్టంగా ఉంది.

మన చట్టంలో 'శ్రేయస్సు'

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరింది. 2000 నాటి బాలల న్యాయ చట్టం దత్తత, ఫోస్టర్ కేర్, స్పాన్సర్‌షిప్, అనంతర సంరక్షణ అనే నాలుగు మార్గాలను పేర్కొంది. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ ఈ అవసరాన్ని దక్షిణాసియా అంతటికీ గుర్తుచేసింది. శ్రీలంక 2005లో ప్రత్యేక చట్టం చేసి, తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు ఫోస్టర్ కేర్ ఏర్పాటు చేసింది. అదే ఏడాది రాజస్థాన్ ప్రభుత్వం పాలన్‌హార్ పథకం ప్రారంభించింది. అనాథ బిడ్డను పెంచే బంధువుకు నెలనెలా సాయం అందించడం దాని ఉద్దేశం. అమ్మమ్మ, మేనమామ, పిన్ని ఎప్పటి నుంచో చేస్తున్న పనికి ప్రభుత్వం చేయూతనివ్వడమే ఇది.

2015 చట్టంలోని 44వ సెక్షన్ మరికొంత ముందుకు వెళ్లింది. తోబుట్టువులను వీలైనంతవరకు విడదీయరాదు. చదువు, ఆరోగ్యం, పోషణ ఫోస్టర్ కుటుంబపు బాధ్యత. బిడ్డ శ్రేయస్సును చూడడానికి బాలల సంక్షేమ కమిటీ ప్రతి నెలా ఆ ఇంటిని తనిఖీ చేయాలి. డెనిస్ ఓనీల్ మరణం నేర్పిన పాఠం ఇక్కడ చట్టమైంది. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం నిర్ణయించాయి. 2024 నాటి నమూనా మార్గదర్శకాలు 35 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న ఒంటరి వ్యక్తులు కూడా ఫోస్టర్ కేర్ ఇవ్వడానికి వీలు కల్పించాయి. అంతకు ముందు ఐదేళ్లు పెంచిన తరువాత గాని దత్తతకు వీలుండేది కాదు. ఆ గడువు రెండేళ్లకు తగ్గింది.

పద్దెనిమిదో పుట్టినరోజు

ఇంతవరకు చట్టం నడిచిన దారి మంచిదే. ఇప్పుడు మనం మొదట వేసుకున్న ప్రశ్నకు వద్దాం. బిడ్డకు 18 ఏళ్లు నిండిన మర్నాడు ఏమవుతుంది?

2015 చట్టం అనంతర సంరక్షణను నిర్వచించిన తీరు గమనించండి. 18 ఏళ్లు నిండి 21 నిండనివారికి, అదీ సంస్థాగత సంరక్షణను వదిలి వచ్చినవారికి, ఇచ్చే ఆసరా అని ఉంది. బాలసదనంలో పెరిగిన అమ్మాయి ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఫోస్టర్ కుటుంబంలో పెరిగిన అబ్బాయి మాట అందులో లేదు. కుటుంబంలో పెరిగాడు కదా, కుటుంబమే చూసుకుంటుందని చట్టం అనుకున్నట్టుంది. కానీ ఆ కుటుంబానికి అతణ్ణి ఉంచుకోవలసిన బాధ్యత అప్పటితో తీరిపోతుంది. అతడికి ఆ ఇంటి మీద హక్కు లేదు. కాలేజీ దరఖాస్తులో తండ్రి పేరు, ఆదాయ ధ్రువపత్రం, శాశ్వత చిరునామా అన్న గడుల దగ్గర కలం ఆగిపోతుంది. సెలవులకు ఏ ఇంటికి వెళ్లాలి, పెళ్లి మాటలు ఎవరు మాట్లాడాలి అన్నవి ఇంకా లోతైన ప్రశ్నలు.

1850 చట్టం తన స్వార్థం తాను చూసుకుంటూనే 21 ఏళ్ల వయసు వరకు ఆలోచించిందని ఇందాక చూశాం. 165 ఏళ్ల తరువాత వచ్చిన, ఎంతో దయగల చట్టం కూడా ఆ 21 దగ్గరే ఆగింది. ఇంట్లో పెరిగిన బిడ్డ విషయంలో 18 దగ్గరే ఆగింది.

ఇది మార్చరానిది కాదు. కోవిడ్ వల్ల తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లల కోసం 2021లో ప్రకటించిన పీఎం కేర్స్ బాలల పథకంలో 18 నుంచి 23 ఏళ్ల వరకు నెలనెలా భృతి, 23 ఏళ్లు నిండాక 10 లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. యువతకు ఆసరా 18తో ఆగిపోనక్కరలేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. ఒక విపత్తు బాధితులకు వర్తించిన న్యాయం మిగిలినవారికి ఎందుకు వర్తించరాదు?

పాఠకులారా, భారత యుద్ధానికి ముందు కృష్ణుడు జన్మరహస్యం చెప్పి రాజ్యం ఇస్తానన్నప్పుడు కర్ణుడు ఒప్పుకోలేదు. తనను పెంచిన రాధ, అధిరథులను విడవలేనన్నాడు. పెంచిన ప్రేమ అంత గట్టిది. కానీ ఆనాడు రంగంలో అతణ్ణి వంశం అడిగినప్పుడు కాపాడడానికి ఆ ప్రేమ ఒక్కటే చాలలేదు. మీ వీధిలో, మీ తరగతిలో మేనమామ ఇంటో, పరాయి ఇంటో పెరుగుతున్న బిడ్డ ఉండవచ్చు. ఆ బిడ్డకు 18 ఏళ్లు ఎప్పుడు నిండుతాయో, ఆ తరువాత ఎవరున్నారో ఒక్కసారి కనుక్కోండి.