ఖాళీ తూటా లెక్క

1930 ఏప్రిల్ 18 రాత్రి చిట్టగాంగ్‌లో సూర్యసేన్ దళం ఏకకాలంలో రెండు ఆయుధాగారాల మీద పడింది. గణేశ్ ఘోష్ బృందం పోలీసు ఆయుధాగారాన్ని, లోకనాథ్ బల్ బృందం సహాయక సేనల ఆయుధాగారాన్ని వశపరచుకున్నాయి. రెండవ చోట లూయిస్ మెషిన్ గన్లు, .303 రైఫిళ్లు చేతికి చిక్కాయి. వాటిలో పెట్టవలసిన తూటాలు మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు. నాలుగు రోజుల తరువాత జలాలాబాద్ కొండ మీద సైన్యం చుట్టుముట్టినప్పుడు ఆ యువకుల చేతుల్లో ఉన్నవి పోలీసుల పాత మస్కెట్లు. ఆ సాయంత్రం పన్నెండు మంది నేలకొరిగారు. చిట్టగాంగ్ సాహసగాథలో తూటాలు దొరకలేదన్న సంగతి ఒక దురదృష్టంగా, ఒక వాక్యంలో ముగిసిపోతుంది. నా దృష్టిలో కథంతా ఆ వాక్యంలోనే ఉంది.

ఈ ఉపఖండంలో ఆయుధాల చరిత్రను తుపాకుల చరిత్రగా రాయడం మనకు అలవాటు. పాలించినవారు దానిని తూటాల చరిత్రగా చదివారు. తూటా లేని తుపాకి కర్రకన్నా కాస్త బరువైన ఇనుము, అంతే. తెలుగులో మందు, గుండు కలిసి ‘మందుగుండు’ అయ్యాయి. వెనకటి రోజుల్లో ఆ రెండూ విడివిడి వస్తువులే. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి మందు నూరుకునేవారు. సీసం కరిగించి గుండు పోసుకునేవారు. మన అటవీ ప్రాంతాల్లో నేటికీ అడపాదడపా పట్టుబడే భర్మారు తుపాకి ఆ కాలపు అవశేషమే. దాని యజమానికి తూటాల కార్ఖానాతో పని లేదు.

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఇత్తడి తూటా ఈ స్వాతంత్ర్యాన్ని హరించింది. మందు, గుండు, దెబ్బ తగిలితే నిప్పు రాజేసే చిన్న టోపీ, మూడూ ఒకే తొడుగులో ఇమిడిపోయాయి. తుపాకి ఉన్న ప్రతివాడూ కార్ఖానా మీద ఆధారపడక తప్పని స్థితి వచ్చింది. అయితే ఒక సందు మిగిలింది. కాల్చిన తరువాత ఇత్తడి తొడుగు కాలిపోదు. రివాల్వరులోనైతే మనిషి తీసే వరకు దాని గదిలోనే కూర్చుని ఉంటుంది. దాన్ని మళ్లీ నింపవచ్చు. ఐరోపా, అమెరికాలలో వేటగాళ్లకు అదొక పొదుపు, కొందరికి కాలక్షేపం. తక్కువ ఒత్తిడితో పేలే చిన్న బోరు రివాల్వర్ల తొడుగులు పదేపదే పనికివస్తాయి. కంపెనీలు తూటాలు చేయడం మానేసిన పాతకాలపు రివాల్వర్లు అక్కడ ఇంకా పేలుతున్నది చాలావరకు ఈ విద్య పుణ్యమే. వలస భారతదేశంలో అదే విద్య రాజ్యభద్రతా సమస్య అయింది.

ఎందుకైందో తెలియాలంటే 1857 దగ్గరకు వెళ్లాలి. ఎన్‌ఫీల్డ్ తూటాకు పూసిన కొవ్వు గురించి అందరికీ తెలుసు. మీరట్‌లో ఆ ఏప్రిల్ 24న 85 మంది రౌతులు తూటాలు ముట్టబోమన్నారు. మే 10న తిరుగుబాటు రాజుకుంది. తరువాతి కథ అంతగా ప్రచారంలో లేదు. మే 11న తిరుగుబాటుదారులు ఢిల్లీ చేరగానే అక్కడి మందుగుండు కోటను లెఫ్టినెంట్ విల్లోబీ బృందం స్వయంగా పేల్చివేసింది. బేగం సమ్రూ భవనంలో మందు తయారీ పెట్టుకుంటే ఆగస్టు 7న అదీ పేలిపోయింది. ద్రోహం జరిగిందన్న అనుమానం చక్రవర్తి వైద్యుడు హకీం అహసానుల్లా ఖాన్ మీదకు మళ్లింది. మందు మళ్లీ నూరుకోవచ్చు, గుండు మళ్లీ పోసుకోవచ్చు. రాగి టోపీలకు మాత్రం రసాయన విద్య, యంత్రం రెండూ కావాలి. మతం కోసం తూటాను తిరస్కరించినవారు అదే తూటా సామగ్రి కోసం అలమటించారన్నది ఆ ఏడాది చరిత్రలోని క్రూర హాస్యం.

గెలిచినవారు పాఠం బాగానే నేర్చుకున్నారు. భారతీయ సిపాయిల చేతికి ఎన్‌ఫీల్డ్ ఆకారంలోనే ఉండి గొట్టం లోపలి గాడులు లేని తుపాకి ఇచ్చారు. 1860లో ఒక చట్టం, 1878లో లిట్టన్ హయాంలో ఆయుధ చట్టం వచ్చాయి. ఐరోపావారికి మినహాయింపు ఉన్నందువల్ల ఆ చట్టాన్ని జాతి వివక్ష కోణం నుంచి విమర్శించడం మనకు పరిపాటి. అది సరైన విమర్శే. చట్టంలోని నిర్వచనాలు కూడా అంతే ఆసక్తికరమైనవి. తుపాకి, తూటాలతో ఆగక సీసం, గంధకం, సురేకారం వంటి ముడిసరుకుల మీద సైతం ఆంక్షలు విధించే అధికారాన్ని గవర్నర్ జనరల్‌కు కట్టబెట్టింది.

తిరిగి నింపడం పట్ల భయం ఎంతవరకు వెళ్లిందో చెప్పే ఉదంతం వాయవ్య సరిహద్దుది. మార్టిని-హెన్రీ సైనిక రైఫిళ్లు పెద్దసంఖ్యలో ఆ కొండ తెగలకు చేరాయి. కోహట్ కనుమ చేరువలోని దర్రా ఆదమ్‌ఖేల్‌లో ఆఫ్రీదీ కమ్మరులు రైఫిళ్లకు, వెబ్లీ రివాల్వర్లకు చేతితో నకళ్లు దించారు. ఖాళీ తొడుగులను మళ్లీ నింపారు. వేటగాళ్లు కొనే .450 బోరు తూటాల గుండ్లు పీకి మార్టిని-హెన్రీ తొడుగుల్లో బిగించగలరని ప్రభుత్వానికి శంక కలిగింది. ఫలితంగా 20వ శతాబ్ది తొలి దశకంలో .450 బోరు తూటాలను ఇండియాలో నిషేధించారు. లండన్ తుపాకి వ్యాపారులు మహారాజుల వేట ఆగిపోకుండా .465, .470, .475 అంటూ కొత్త బోర్లు సృష్టించుకున్నారు. మధ్య భారతంలో పులిమీద పేలిన తుపాకి బోరు నిజానికి కోహట్ కనుమ దగ్గర నిర్ణయమైంది.

కలకత్తాలో విప్లవకారులు ఈ లెక్కను పాలకులంత స్పష్టంగానూ గ్రహించారు. 1914 ఆగస్టు 26న రొడ్డా కంపెనీ గుమాస్తా శిరీష్ చంద్ర మిత్ర కస్టమ్స్ నుంచి 202 పెట్టెలు విడిపించి, 192 మాత్రమే గిడ్డంగికి చేర్చాడు. మిగతావి తెస్తానని వెళ్లి మాయమయ్యాడు. ఆ పది పెట్టెల్లో 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు ఉన్నాయి. పిస్తోలుకు తొమ్మిది వందల పైచిలుకు! పిస్తోళ్ల సంగతే ప్రసిద్ధికెక్కింది గాని, రౌలట్ కమిటీని కలవరపెట్టవలసిన అంకె రెండవదే. 44 పిస్తోళ్లు తొమ్మిది బృందాలకు పంపిణీ అయ్యాయని ఆ కమిటీ 1918లో నమోదు చేసింది. 1915 సెప్టెంబరు 9న బాలాసోర్ దగ్గర బాఘా జతిన్, నలుగురు సహచరులు మౌజర్లతోనే పోలీసు బలగాన్ని నిలువరించారు. తూటాలు నిండుకునే వరకు.

అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లపై దాడిచేసింది కూడా ఈ అవసరంతోనే. మొత్తం 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దొరికాయి. తీసుకున్నవాటి వివరం స్టేషను రికార్డులో రాసి సంతకం పెట్టడం మనకు వీరోచితంగా కనిపిస్తుంది, నిజమే. అవతలి పక్షం చేసిన పని అంత రమ్యమైనది కాదు, కాని ఫలించింది: తరువాత స్టేషన్ల నుంచి ఆయుధాలు, మందుగుండు ముందుగానే తరలించివేశారు. అప్పటి నుంచి మన్యం పితూరీ తన దగ్గరున్న తూటాలను లెక్కపెట్టుకుంటూనే సాగింది.

ఒక్కో తూటాను దాచుకునేవారికి గురి నేర్చుకునే వెసులుబాటు ఎక్కడిది? 1932 ఫిబ్రవరి 6న కలకత్తా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో బీనా దాస్ గవర్నర్ స్టాన్లీ జాక్సన్ మీద ఐదుసార్లు రివాల్వరు పేల్చింది. ఒక్కటీ తగలలేదు. ఆమెకు తొమ్మిదేళ్ల శిక్ష పడింది.

కాంగ్రెస్ 1931 కరాచీ తీర్మానంలోని ప్రాథమిక హక్కుల జాబితాలో నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు కూడా చేరింది. 1948 డిసెంబరులో అలాంటి సవరణనే హెచ్.వి. కామత్ ప్రతిపాదిస్తే రాజ్యాంగ సభ తిరస్కరించింది. విభజన నెత్తురు ఇంకా ఆరని దేశంలో ఆ తిరస్కరణను తప్పుపట్టలేను. కాని 1959 ఆయుధ చట్టం జాతి వివక్షను తుడిచివేసి, తూటాపై పాత చూపును యథాతథంగా నిలుపుకుంది. తూటా విడిభాగాలు, తూటాలు చేసే యంత్రాలు కూడా దాని నిర్వచనంలో తూటాలే. ఏ విధంగానూ పేలే అవకాశం లేని తాతలనాటి రివాల్వరును 45వ సెక్షన్ కింద ఇంట్లో ఉంచుకోవచ్చు. దాని ఖాళీ తొడుగును నింపడానికి కూర్చుంటే లైసెన్సు లేని తయారీదారు అవుతారు.

సైన్యం తూటా పౌరుడి తుపాకిలో పట్టకూడదన్న సూత్రమూ అలాగే కొనసాగింది. .303, .38, .455, 9 ఎంఎం నిషిద్ధ బోర్లు. పౌరుడికి మిగిలింది .32 రివాల్వరు, .315 రైఫిలు. కాన్పూర్ ప్రభుత్వ కార్ఖానా రివాల్వరులో పేలే .32 తూటా 1896 నాటి అమెరికన్ నమూనా. .315 తూటా ఆస్ట్రియాకు చెందిన పాత 8 ఎంఎం మాన్‌లిషర్ తూటా ఆధారంగా రూపొందించింది. సైనిక సరుకుతో కలవకుండా ఉండాలనే ఆ ఏర్పాటు. ఇప్పుడు ఉత్తరప్రదేశ్, బిహార్ ఎన్నికల వార్తల్లో రోజూ కనిపించే నాటు కట్టా బోరు ఎక్కువగా ఏదో తెలుసా? అదే .315. ఇనుప గొట్టం ఏ కమ్మరి కొలిమిలోనైనా తయారవుతుంది. అందులో పేలేది సాధారణంగా కార్ఖానా తూటా.

2019లో చట్టాన్ని సవరించినప్పుడు ఒక మనిషికి మూడు తుపాకులా, రెండా, ఒకటా అన్నది పెద్ద వాదమైంది. ఒకటి అని ప్రతిపాదించిన కేంద్రం చివరకు రెండు దగ్గర ఆగింది. కట్టాలకు తూటాలు ఏ దుకాణం నుంచి, ఏ గిడ్డంగి నుంచి జారుతున్నాయన్నది ఆ స్థాయిలో చర్చకు రాలేదు. ఉత్తరప్రదేశ్‌లో లైసెన్సుదారు కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు అప్పగిస్తేనే కొత్తవి అమ్మాలన్న నియమం తెచ్చారు. పెళ్లి ఊరేగింపులో, విజయోత్సవంలో గాలిలోకి పేల్చినవారు మర్నాడు తొడుగులు ఏరుకొచ్చి దుకాణంలో అప్పగిస్తారని అధికారులు నమ్మినట్టుంది.