బేగంపేట గాజు పలకల మీద ఆకాశం

హైదరాబాదులో రాత్రి ఆకాశాన్ని పద్ధతిగా ఫోటో తీసిన తొలి సంస్థ నిజామియా వేధశాల. దీనికి మూలం ఒక నవాబు ముచ్చట. ఖగోళశాస్త్రం మీద మక్కువ ఉన్న నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాలకు పునాది వేశాడు. ఆరవ నిజాం అనుమతితో ఆయన పేరే పెట్టాడు. జఫర్ జంగ్ 1907లో కన్నుమూయడంతో, ఆయన కోరిక మేరకు మరుసటి ఏడాది ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తొలి సంచాలకుడిగా ఛాట్‌వుడ్ వచ్చాక వేధశాల ఊరి బయటికి, బేగంపేటకు తరలింది. ఆ రోజుల్లో అక్కడ చీకటికి కొదవ లేదు.

అప్పటికే ఆకాశమంతటినీ ఫోటోల్లోకి ఎక్కించే పని ఒకటి అంతర్జాతీయంగా నడుస్తోంది. 1887లో పారిస్ వేధశాల అధిపతి అడ్మిరల్ మూషే చొరవతో జరిగిన సమావేశం దీన్ని తలపెట్టింది. ఆకాశాన్ని పట్టీలుగా కోసి వేధశాలలకు పంచారు. చిలీలోని సాంటియాగో తన వాటా పూర్తిచేయలేకపోగా, ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ హైదరాబాదుకు వచ్చింది. అనూరాధలోని ప్రధాన తార ఇందులోదే. ధనుస్సు వైపు పాలపుంతలో చుక్కలు కిక్కిరిసి ఉండేదీ ఇక్కడే. యూరప్ వేధశాలలకు ఇది దిగంతం దగ్గరి మసకలో పడుతుంది. హైదరాబాదు నుంచి చూస్తే సగం ఆకాశం పైకి ఎక్కి కనిపిస్తుంది.

ఫోటోలు తీసింది 8 అంగుళాల కుక్ దూరదర్శినితో. ఈ పథకంలో ఒక్కో గాజు పలక మీద రెండు డిగ్రీల చదరం, అంటే నాలుగు పున్నమి చంద్రుళ్లను పక్కపక్కన పేర్చినంత వెడల్పు పడుతుంది. భూమి తిరుగుతుంటే నక్షత్రాలు జరుగుతాయి గనుక, గడియారపు యంత్రం దూరదర్శినిని వాటి వెంట తిప్పేది. యంత్రం తడబడితే సరిదిద్దడానికి పరిశీలకుడు పక్కనున్న మరో దూరదర్శినిలో ఒక నక్షత్రం మీద కన్నుంచేవాడు. ఒకే పలక మీద కొద్దిగా జరుపుతూ ఆరు నిమిషాలు, మూడు నిమిషాలు, ఇరవై సెకన్లు కాంతి పడనివ్వడం పథకం నియమం. నిజమైన నక్షత్రానికి మూడు చుక్కలు వస్తాయి, దుమ్ముకు ఒకటే. అసలు చాకిరీ పగలు ఉండేది: పలక మీద ముందే అచ్చువేసిన 5 మిల్లీమీటర్ల గళ్ల ఆధారంగా ప్రతి చుక్క స్థానాన్నీ సూక్ష్మదర్శినితో కొలవాలి. కొత్త తోకచుక్క కనిపెట్టిన వారికి దక్కే పేరు ఈ పనిచేసిన వారికి దక్కలేదు.

పలకలు తీయడం 1914లో మొదలైంది. వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. ఛాట్‌వుడ్ తరువాతి సంచాలకుడు పోకాక్ నుంచి 1918లో బాధ్యత తీసుకున్న టి.పి. భాస్కరన్ 1944 దాకా పని నడిపించాడు. మొదటి పట్టీ 1929కి ముగిసింది. జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తర పట్టీ, 36 నుంచి 39 డిగ్రీలదీ, హైదరాబాదే అందుకుని 1938కి తీసేసింది. అభిజిత్తు ఉన్నది ఈ పట్టీలోనే. ఫలితాలు 12 సంపుటాలుగా అచ్చయ్యాయి.

తరువాత నగరం బేగంపేటను చుట్టేసింది. పలక చాలాసేపు తెరిచి ఉంచితే నక్షత్రకాంతితో పాటు వీధిదీపాలు ఆకాశంలో చిమ్మే వెలుగూ పేరుకుంటుంది. నేపథ్యం తెల్లబారి మసక చుక్కలు మాయమవుతాయి. భాస్కరన్ తరువాతి సంచాలకుడు అక్బర్ అలీ కాలంలో తలపెట్టిన 48 అంగుళాల దూరదర్శినిని అందుకే నగరానికి దూరంగా, రంగారెడ్డి జిల్లాలోని జపాల్-రంగాపూర్ గుట్టల మీద 1968లో నిలబెట్టారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచి పరిశీలించారు.

బేగంపేట కొలతలకు అసలు విలువ కాలం గడిచాకే వచ్చింది. నక్షత్రాల కదలిక ఏళ్ల తరబడి ఎడమున్న రెండు స్థానాలను పోలిస్తేనే స్పష్టంగా తేలుతుంది. 2000లో వెలువడిన టైకో-2 పట్టిక 25 లక్షల నక్షత్రాల కదలికను, హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలను ఈ అంతర్జాతీయ పథకపు పాత పలకల లెక్కలతో సరిపోల్చి నిర్ణయించింది. ఆ లెక్కల్లో హైదరాబాదు పట్టీలు రెండూ ఉన్నాయి.